కలఁగుట – తేఱుట



రాజుల చరిత్రమును, కోటల చరిత్రమును, యుద్ధముల చరిత్రమును మనము తఱచుగా వినుచుందుము. మాటలకును చరిత్రము కలదు. దినదినము మన నోట మెలఁగు నొక మాట యెక్కడ పుట్టినది, ఏ యర్థమునుండి ఏ యర్థమునకు నడచినది, ఎచ్చట తన చోటు కోలుపోయినది అని విచారించినచో, ఆ మాటను పలికిన జనుల బ్రదుకు కూడ కొంత తెలియవచ్చును. నేఁడు చెప్పఁబూనినది అట్టి యొక క్రియాపదమును గూర్చి. అది ‘కలఁగు’ అను క్రియ. మనస్సు నెమ్మది తప్పుటను తెలుపుటకు తెలుఁగువారికిఁ గల మాటలలో ఇది ప్రాచీనమైనది. గోదావరీతీరవాసులకు మిక్కిలి చేరువయైనదియు నిదియే.

ఈ క్రియకు మొదటి యర్థము మనస్సునకు సంబంధించినది కాదు, నీటికి సంబంధించినది. గేదెలు దిగఁగా చెఱువు కలఁగినది అందుము. అడుగున నణఁగియున్న మన్ను పైకి లేచి తేటనీటితోఁ గలిసి అడుగు కనఁబడకుండఁ జేయుటయే కలఁగుట. ఆ స్థితికి ‘కలఁక’ యని పేరు. కన్ను ఎఱ్ఱవాఱి, పుసి కట్టి, చూపు మసకవాఱినప్పుడు ‘కండ్లకలఁక’ యనుచున్నాము గదా! కంటియందలి తేటఁదనము పోయి బురదనీటివలె నైన దని దాని భావము. నిద్ర పట్టుచు, తెగుచు, మరల పట్టుచు నున్నచో అది ‘కలఁతనిద్ర’. బిడ్డ జాబు రాకున్న తల్లి మనసు ‘కలఁతపడును’. దుర్వార్త మనలను ‘కలఁచివేయును’. ఇవి యన్నియు నొక్క నీటిమాటకుఁ బుట్టిన బిడ్డలు.

ఇందు వ్యాకరణవిశేష మొకటి గమనింపఁదగినది. ‘కలఁగు’ అకర్మకము, ‘కలఁచు’ సకర్మకము. అడఁగు–అడఁచు, వంగు–వంచు, మునుఁగు–ముంచు అను జంటల తెఱఁగే దీనిదియు. నీరు కలఁగినది యన్నప్పుడు నీటి స్థితి మాత్రమే చెప్పితిమి. గేదెలు నీటిని కలఁచిన వన్నప్పుడు కారణమును కూడ చెప్పితిమి. ‘నా మనసు కలఁగినది’ యనుట యొకటి, ‘ఆతఁడు నా మనసును కలఁచెను’ అనుట వేఱొకటి. మొదటిది బాధను తెలుపును, రెండవది నేరమును మోపును. ఈ రెంటి భేదము నెఱిఁగి పలికినచో, పది యిండ్ల తగవులలో రెండైనను మాటతోనే సమసిపోవును.

ఈ మాటలో ఒక యరసున్న కలదు. అది పలుకుబడిలో వినఁబడదు. వినఁబడని గుర్తును వ్రాయుట యెందుల కని చిన్నవా రడుగుదురు. తమిళులు దీనినే ‘కలంగు’ అందురు. కన్నడభాషలో ‘కలంకు’, ‘కలకు’ అను రూపములు గలవు. వారి నోట నిండుగా నిలిచిన యనునాసికము మన నోట సన్నగిల్లి, అరసున్నయై, తుదకు వ్రాఁతలో మాత్రము మిగిలినది. తెలుఁగును, తమిళమును, కన్నడమును ఒకే కుటుంబపు భాష లని ఎల్లిసుదొర 1816 లో కేంబెలు తెలుఁగు వ్యాకరణమునకుఁ జేర్చిన వ్యాసమున నిరూపించెను. ఆ చుట్టఱికమునకు సాక్ష్యము చెప్పు చిన్న చిహ్నములలో ఈ యరసున్న యొకటి.

ఇఁక ‘కలుగు’ అను క్రియ పూర్తిగా వేఱు. దానికి పుట్టుట, లభించుట, సంభవించుట యని యర్థము. సంతానము కలుగును, సందేహము కలుగును, మేలు కలుగును. పూర్వము ఈ రెండు క్రియలును వేర్వేఱు త్రోవల నడచినవి. కాని వ్యవహారమున ‘జరుగవలెను’ అనునది ‘జరగాలి’ యైనది, ‘పెరుఁగవలెను’ అనునది ‘పెరగాలి’ యైనది. అదే తెఱఁగున ‘కలుగవలెను’ అనునది ‘కలగాలి’ యైనది. ఇది నోటికి సహజమైన గతియే కాని యెవ్వరి తప్పును గాదు. అటుపిమ్మట అచ్చుపుస్తకములనుండి యరసున్నయు తొలఁగిపోయినది. రెండు క్రియలును ఒక్క వేషము వేసికొన్నవి. శుభలేఖలో ‘వధూవరులకు సకల శుభములు కలగాలి’ యని యచ్చొత్తింపఁగా, పాతచదువు చదివిన వృద్ధుఁడు ఆ శుభములు బురదనీరు కావలె నని దీవించుచున్నారా యని లోలోపల నవ్వుకొనును!

ఈ భాషావాదమునకు మన గోదావరీమండలముతో చుట్టఱికము మెండు. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858 లో వెలువడిన పిదప నూఱేండ్లకుఁ జేరువగా వ్రాఁతభాషకు అదియే కొలబద్దగా నుండెను. అరసున్నయు, శకటరేఫమును విద్యార్థికి తప్పనివైనవి. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు వాడుకభాష పక్షమున పోరాడి, తుదిదినములు రాజమహేంద్రవరమునఁ గడపి, 1940 లో కీర్తిశేషులైరి. ఎదుటి పక్షమున నిలిచిన జయంతి రామయ్య పంతులుగారు పీఠికాపుర సంస్థానాధీశుని పోషణమున సూర్యరాయాంధ్ర నిఘంటువును నడిపించిరి. దాని మొదటి సంపుటము 1936 లో వెలువడినది. ఎవరి పక్షము గెలిచినదో నేఁటి పత్రికలే చెప్పుచున్నవి. ఆ గెలుపువలన సామాన్యునకు చదువు చేరువైనది, అది మేలే. కాని యా త్రోవలో ‘కలఁగు’ వంటి కొన్ని మాటలు తమ యాసనమును పొరుగుమాటలకు విడిచి ప్రక్కకుఁ దొలఁగిన వనియు మనము గుర్తింపవలెను. ‘కలఁత’ మిగిలినది, ‘కలఁచివేయుట’ మిగిలినది. ‘నా మనసు కలఁగినది’ యని నేరుగాఁ బలుకువారు మాత్రము అరుదైరి.

దాని చోట నేఁడు వినఁబడు మాట లేవి? ‘ఆందోళనగా ఉన్నది’ యందుము. ఆందోళన మనఁగా సంస్కృతమున ఊఁగుట. ఉయ్యాలకుఁ జెందిన మాట. బిపిన్ చంద్రపాలు 1907 లో రాజమహేంద్రవరమునకు వచ్చి ప్రసంగించినప్పుడు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ప్రసంగములను తెలుఁగు చేసిరి. అట్టి స్వదేశోద్యమములకు పేరుగాను ఈ మాట తెలుఁగున వ్యాపించినది. నేఁడు ఒక్కని గుండెదడకును అదే పేరు. ‘క్షోభ’ యన్నచో కడలిని త్రచ్చినట్టి యల్లకల్లోలము. ‘చెదరినది’ యన్నచో గింజలు చల్లినట్లు చెల్లాచెద రగుట. చిన్నవారు ‘టెన్షను’ అందురు. అది లాగి బిగించిన త్రాటి మాట. త్రాడు సడలవలెను, లేదా తెగవలెను. ఉయ్యాల ఊఁగుచునే యుండును. వీనిలో ఏ మాటయు తప్పు కాదు. దేని చిత్రము దానిది. కాని ‘కలఁగు’ అను మాటకుఁ గల యొక గుణము వీనికి లేదు. అదేమో చెప్పుటకు మనము మరల నీటియొద్దకుఁ బోవలెను.

గోదావరి త్ర్యంబకముకడఁ బుట్టి, ఇంచుమించు 1,465 కిలోమీటర్లు నడచి మన కడలిలోఁ గలియును. వేసవిలో అడుగున ఇసుక కనఁబడు నీరు తొలకరివానలు పడఁగానే రంగు మాఱును. ‘ఎఱ్ఱనీరు వచ్చినది’ యని రేవులలోఁ జెప్పుకొందురు. ఆ కలఁకనీరు కడలిని చేరిన పిదపనే పులసచేప ఏటి కెదురీఁదును. కొళాయిలు రాని కాలమున ఆ కాలువనీరే మనకు త్రావునీరు. దానిని కుండలో నింపి, లోపలి యంచున చిల్లగింజను రుద్ది, కదల్పక యుంచెడివారు. కొంత సేపటికి మన్ను అడుగునకు దిగి, పైన తేటనీరు నిలుచును. చిల్లగింజ దొరకనిచోట పటిక వాడెడివారు.

అట్లు కలఁకనీరు తేట యగుటకు మనవారి మాట ‘తేఱుట’. శకటరేఫముతోఁ గూడిన తేఱు ఇది; రథ మని యర్థమిచ్చు తేరు వేఱు. నీరు తేఱును, పైనున్నది తేట. మజ్జిగతేట యనుటలో ఉన్నదియు నిదియే. మనుష్యుఁడు జ్వరమునుండి ‘తేఱుకొనును’, అప్పులనుండి ‘తేఱుకొనును’, పుత్రశోకమునుండి యెంత కాలమునకో ‘తేఱుకొనును’. చూచితిరా! కలఁగుటయు నీటి మాటయే, తేఱుకొనుటయు నీటి మాటయే. మన పూర్వులు మనస్సును కుండలోని నీరుగా నెంచి, దాని రోగమునకును, దాని స్వస్థతకును ఒకే చోటినుండి పేర్లు తెచ్చిరి. కలఁగినది తేఱఁగలదు అను నమ్మకము ఆ మాటలోనే యిమిడియున్నది. ఉయ్యాలకును, బిగిసిన త్రాటికిని లేని గుణ మిదియే.

సంస్కృతమునను ఇదే తీరు. ‘కలుష’ మనఁగా మొదట బురదనీరు. పాప మను నర్థము పిదప వచ్చినది. ‘ప్రసన్న’ మనఁగా కలఁక దిగి తేఱినది. మనధర్మశాస్త్రములలో మనుస్మృతి యాఱవ యధ్యాయమున చిల్లగింజ ప్రస్తావము కలదు. దానికి సంస్కృతమున కతక మని పేరు. ఆ ఫలము నీటిని తేర్చునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేఱ దని యచ్చటి భావము. 1022 మొదలు 1061 వఱకు వేంగిరాజ్యము నేలిన రాజరాజనరేంద్రుని యాస్థానమున, మన రాజమహేంద్రవరముననే, భారతము నారంభించిన నన్నయభట్టారకుఁడు తన కవితాగుణములలో ప్రసన్నతను మొదటఁ బేర్కొనెను. గోదావరి యొడ్డున కూర్చుండి వ్రాసిన కవికి తేటనీటి విలువ వేఱుగాఁ జెప్పవలెనా?

ఇఁక మన నేల చరిత్రమును జూతము. ధవళేశ్వరము దిగువను ఏఱు గౌతమి, వసిష్ఠ యను పాయలుగాఁ జీలి, పిదప వైనతేయాది శాఖలతో కడలిఁ జేరును. ఈ పాయల నడుమనున్న కోనసీమయు, ఇరుప్రక్కల నున్న పల్లపుభూములును ఎట్లు పుట్టినవి? కొన్ని వేల యేండ్లుగా ఎగువ కొండలనుండియు, నల్లరేగళ్లనుండియు వచ్చిన కలఁకనీరు, కడలియొద్ద వేగము తగ్గి, తెచ్చిన మన్నును దించుచు వచ్చినది. ఆ దిగిన మన్నే మన వరిపొలము, మన కొబ్బరితోఁట, మన యూరు. ఈ డెల్టా యంతయు తేఱిన కలఁకయే!

అట్లని కలఁక యెల్లప్పుడు వరమే యని చెప్పరాదు. నందననామ సంవత్సరపు కరవు 1833 లో ఈ సీమను పీడించినది. 1839 నవంబరులో కోరంగి రేవును ఉప్పెన ముంచినది. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821 నాఁడు ఏడు లక్షలకు మించియున్న జనసంఖ్య, 1841 నాఁటికి ఆఱు లక్షలకు లోపు పడిపోయినది. ఏఱు నిండుగాఁ బాఱుచుండఁగా దాని యొడ్డున పంట యెండి జనులు వలసపోయిన దినము లవి. జను లెంతగాఁ గలఁగిరో ఆ యంకెలే చెప్పుచున్నవి. ఆర్థరు కాటను 1844 లో ఈ సీమను పరిశీలించి ప్రభుత్వమునకు నివేదించెను. 1847 లో పని మొదలై, ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట 1852 లో ముగిసినది. అది నీటిని నిలుపుటకు మాత్రమే కట్టినది కాదు. అడ్డుపడిన మేటను దిగువకుఁ గడిగివేయు తూములును అందుఁ గలవు. నీటిని వాడుకొనువాఁడు కలఁకకును త్రోవ చూపవలె నని కట్టినవా రెఱుఁగుదురు. ఆ 1852 లోనే బ్రౌనుదొర తెలుఁగు–ఇంగ్లీషు నిఘంటువు అచ్చుపడినది. ఆయన కొంతకాలము మన రాజమహేంద్రవరమునను కొలువు చేసినవాఁడు. ఒక్క యేఁటనే నీటికొక కట్టయు, మాటకొక కట్టయు ఏర్పడినవి.

ఆ తరువాతను ఏఱు మనలను కలఁచుట మానలేదు. పాత యానకట్టకు బదులుగా 1982 నాఁటికి క్రొత్త బ్యారేజి సిద్ధమైనది. నాలుగేండ్లకే, 1986 ఆగస్టులో, మహావరద వచ్చినది. ధవళేశ్వరముకడ నీటి ప్రవాహము 17 లక్షల క్యూసెక్కులైనప్పుడు మూఁడవ హెచ్చరిక యిత్తురు. ఆ యేఁడు 35 లక్షలు దాఁటినది. గట్లు తెగినవి, లంకలు మునిఁగినవి. 1996 నవంబరు 6 నాఁటి తుపాను కోనసీమలో కొబ్బరిచెట్లను నేలఁ గూల్చినది. 2022 జూలైలో మరల 25 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చి లంకవాసులను గట్లమీఁదికిఁ జేర్చినది.

ఇట్టి ప్రతి వరదకుఁ బిదప రెండు విధములైన పొలములు మిగులును. ఒకచోట ఒండ్రు పఱచుకొని, మఱుసటి పంట యిబ్బడిగాఁ బండును. మఱియొకచోట ఇసుకమేట వేసి, దానిని తట్టలతో నెత్తిపోసినఁ గాని నాఁగలి దిగదు. వరద ఒక్కటే, అది దించిపోయినది వేఱు. దుఃఖమును అంతే. కొన్ని కలఁతలు తేఱిన పిమ్మట మనుష్యునకు వివేక మను నొండ్రు మిగులును. కొన్ని ఇసుకమేట వేసిపోవును. ఊరకున్న నది పోదు, నలుగురు కలిసి యెత్తవలెను.

ఇంకొక విశేషము. ఎగువ జలాశయములు కట్టిన పిదప వానిలోనే యొండ్రు చాలవఱకు నిలిచిపోవుచున్నది. దిగువకు వచ్చు మన్ను తగ్గినది. తత్ఫలితముగా కడలియంచున మన నేల పెరుఁగుట పోయి, కొన్నిచోట్ల కోఁతకు లోనగుచున్నది. కలఁకయే లేని యేఱు నేలను గట్టలేదు. ఎన్నఁడును కలఁగని మనస్సు కావలె నని కోరువారు దీనిని దలఁపవలెను. కలఁగకుండుట గొప్ప కాదు. కలఁగి తేఱుటయే గొప్ప.

కావున పెద్దలారా, మీ యింట పిల్లలతో మాటలాడునప్పుడు ఈ జంటను మరల నోటికిఁ దెచ్చుకొనుఁడు. పరీక్ష తప్పిన మనుమని ‘అంత టెన్షను వలదు’ అనుటకంటె, ‘మనసు కలఁగినది, రెండు దినములలో తేఱుకొందువులే’ యనుఁడు. మొదటి మాటలో నిషేధమే కలదు. రెండవదానిలో త్రోవ కలదు. ఇల్లు కాలిన పొరుగువాని ‘ధైర్యము తెచ్చుకొనుము’ అని మాత్రము పలుకక, దగ్గఱఁ గూర్చుండి ‘కలఁగినవాఁడు తేఱువఱకు మేమున్నాము’ అనుఁడు. భార్యాభర్తల తగవు మీ యొద్దకు వచ్చినచో, కలఁగినవా రెవరు, కలఁచినవా రెవరు అని మొదట విడఁదీసి చూడుఁడు. పిదప తేర్చువా రెవరో నిర్ణయింపుఁడు.

ఆ తేర్చుటకును నీరే గురువు. కుండను కదల్పకుండుట మొదటి పని. ఇంకను తేఱలేదా యని మాటిమాటికిఁ గుండను కదిపి చూచువానికి నీ రెన్నఁటికిని తేఱదు. అందుచేతనే మన యూళ్లలో బుద్ధిమంతులు, తగవు వేఁడిగా నున్ననాఁడు తీర్పు చెప్పక, నాలుగు దినములు పోనిచ్చి కూర్చుండెడివారు. చిల్లగింజ రుద్దుట రెండవ పని. అనఁగా ఊరక చూచుచుండక, తగిన మనుష్యునిచేత తగిన మాట చెప్పించుట. ఇసుకమేట నెత్తుట మూఁడవ పని. అది మాటలతోఁ దీరదు, తట్టయు పాఱయు కావలెను. అప్పు తీర్చుట, చెడిన పైరుకు విత్తన మిచ్చుట, దిక్కులేని బిడ్డను బడికిఁ బంపుట యిట్టివి.

అరసున్నను మరల అచ్చులోనికిఁ దెం డని నేను కోరను. కాలగతిని మరలింప నెవరి తరము? మాటను మాత్రము పోఁగొట్టుకొనవలదు. గింజ పేరు పలికినంత నీరు తేఱదు, నిజమే; కాని పేరే మఱచినవాఁడు గింజకొఱకు వెదకనైన వెదకఁడు. ఎఱ్ఱనీరు ప్రతి యేఁడు వచ్చును. అది తేఱు నని యెఱిఁగినందుననే మన పూర్వులు ఈ యేటిగట్టును విడువక నిలిచి, కాఁపురములు చేసిరి.

స్వస్తి.